ఏ హాస్టల్ మీది?

ఒకే ఏడాది చదువు ముగించినవాళ్ళు పాతికేళ్ళకో, యాభై ఏళ్ళకో కళాశాలకు తిరిగి వెళ్ళి కలుసుకోవడం గురించి చాలామంది రాశారు. అక్కడ కౌగిలింతలుంటాయి, పాత ఫోటోలుంటాయి. ఎవరు ఎవరిని చూసినా చూసుకునేది తమ పడుచుతనాన్నే. నేను రాయబోయేది అంత పెద్ద వేడుక గురించి కాదు. ఒకే కళాశాలలో వేరువేరు కాలాల్లో చదివి, బతుకుతెరువు కోసం ఒకే నగరానికి చేరినవాళ్ళు అప్పుడప్పుడూ ఏ పార్కులోనో, ఏ అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లోనో కలుసుకుంటుంటారు. చాప్టర్ మీట్ అంటారు దాన్ని. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మనకు తెలియదు. మనం చేరేనాటికే వాళ్ళు వెళ్ళిపోయి ఇరవయ్యేళ్ళయి ఉంటుంది, లేదా మనం బయటికొచ్చాక వాళ్ళు పుట్టి ఉంటారు. కలిసి తలుచుకోవడానికి ఒక్క జ్ఞాపకమూ ఉండదు. ఉన్నదల్లా అందరూ కొన్నేళ్ళు బతికిన ఒక చోటు. అది చాలుతుందా? చాలుతుందనే నా నమ్మకం. బాగా బతకడానికి కావలసిన ఒక పాత అలవాటు ఈ చిన్న కలయికల్లో ఇంకా మిగిలి ఉందని కూడా అనుకుంటున్నాను.

నేను చదివింది వరంగల్ ఆర్.ఇ.సి.లో. 2002 నుంచి అది ఎన్.ఐ.టి. అయింది గానీ మా వయసువాళ్ళ నోట ఇంకా పాతపేరే వస్తుంది. 1959 అక్టోబరు 10న నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. రెండో పంచవర్ష ప్రణాళిక రోజులవి. కొత్తగా లేస్తున్న కర్మాగారాలకు ఇంజనీర్లు కావాలి. అందుకని కేంద్రమూ రాష్ట్రాలూ బాధ్యత పంచుకుని ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలలు పెట్టాయి. వాటిలో మొట్టమొదటిది వరంగల్‌ది. వాటన్నిటికీ ఒక నియమం ఉండేది: సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకు, మిగతా సగం ఇతర రాష్ట్రాల పిల్లలకు. ఆ సగం సగం ఇప్పటికీ నడుస్తోంది.

ఆ నియమం రాసినవాళ్ళ మనసులో దేశమంతా ఒకటి కావాలన్న తలంపు ఉండే ఉంటుంది. పదిహేడేళ్ళ కుర్రవాడికి మాత్రం అది ఇంకోలా ఎదురవుతుంది. ట్రంకుపెట్టె మోసుకుంటూ వచ్చి గది తలుపు తోస్తే, లోపల మంచం మీద కూర్చున్నవాడికి తన భాష రాదు. కరీంనగర్ నుంచి వచ్చినవాడి గదిలో పాలక్కాడు వాడు పడతాడు. భీమవరం వాడి గదిలో పాట్నా వాడు పడతాడు. ఎవరూ ఎవరినీ కోరుకోలేదు. ఆఫీసులో ఎవరో వరసగా పేర్లు రాసుకుంటూ పోయారు, అంతే.

నా స్నేహాల్లో గట్టిగా నిలిచినవన్నీ ఇలా పడ్డవే. నేను ఏరి తెచ్చుకున్నవి చాలావరకు ఆ అవసరం తీరగానే పలచబడ్డాయి. ఎందుకిలా అని చాలాకాలం ఆలోచించాను. ఏరుకున్న మనిషిలో మనకు నచ్చినదేదో ముందే ఉంటుంది. అది తగ్గిన రోజున మనకు లోటు తెలుస్తుంది. గదిలో పడ్డవాడి దగ్గర మనం ఏమీ ఆశించి వెళ్ళలేదు. వాడు రాత్రి రెండింటిదాకా లైటు ఆర్పడు, మనకు నిద్ర పట్టదు. వాడి అలారం మోగుతుంది, వాడు లేవడు. మొదటి నెలంతా కోపమే. తరవాత ఎప్పుడో వాడికి జ్వరం తగిలి మంచం పడితే మెస్ నుంచి పళ్ళెంలో మజ్జిగన్నం కలిపి తెచ్చిపెడతాం. వాడి తల్లి రాసిన ఉత్తరం మనకు చదవడం రాదు, వాడే అర్థం చెబుతాడు. అప్పటినుంచి ఆ తల్లి మనకూ ఏదో అవుతుంది. ఇలాంటిది పథకం వేసుకుంటే జరగదు. పక్కపక్కన ఉండక తప్పని స్థితిలోంచి వస్తుంది.

పెద్దయ్యాక ఆ తప్పనిసరి మన జీవితాల్లోంచి పోతుంది. ఇల్లు ఏ పేటలో ఉండాలో మనమే నిర్ణయించుకుంటాం, పిల్లల బడి, పొద్దున నడిచేటప్పుడు పక్కన ఎవరుండాలి, అన్నీ మన చేతిలోనే. నచ్చనివాళ్ళ మాట వినబడకుండా ఫోనులో మీట కూడా ఉంది. ఇంత స్వేచ్ఛ సంపాదించుకుని కూడా మనుషులు కరువయ్యారని బాధపడుతుంటాం.

వరంగల్‌లో చదివినవాళ్ళకు వరంగల్‌లో ఉద్యోగాలు తక్కువే. ఢిల్లీ నుంచి చెన్నై పోయే దారీ, సికింద్రాబాద్ నుంచి వచ్చే దారీ కలిసే కాజీపేట జంక్షన్ మాకు కూతవేటు దూరం. ఎటు పోవడానికైనా అక్కడే రైలెక్కేవాళ్ళం. అరవైల్లో, డెబ్భైల్లో బయటికొచ్చినవాళ్ళు హైదరాబాద్‌లో బి.హెచ్.ఇ.ఎల్.కి, ఇ.సి.ఐ.ఎల్.కి వెళ్ళారు. భిలాయి, రూర్కెలా ఉక్కు కర్మాగారాలకు వెళ్ళారు. బెంగళూరులో హెచ్.ఎ.ఎల్.కి, బి.ఇ.ఎల్.కి, ఐ.టి.ఐ.కి వెళ్ళారు. తొంభైల నుంచి సాఫ్ట్‌వేర్ అందరినీ బెంగళూరుకూ హైదరాబాద్‌కూ లాక్కుంది. అందుకే బెంగళూరులో మా చాప్టర్ మీట్‌కి జాలహళ్ళిలో ఇల్లు కట్టుకుని రిటైరైన పెద్దాయన వస్తారు, మారతహళ్ళిలో పి.జి.లో ఉండే ఇరవై మూడేళ్ళ అమ్మాయీ వస్తుంది. ఇద్దరి మధ్యా యాభై ఏళ్ళు. చుట్టరికం లేదు, ఒకరి దగ్గర ఒకరికి పనీ లేదు. అయినా పక్కపక్క కుర్చీల్లో కూర్చుని గంటసేపు మాట్లాడుకుంటారు. ఇంత పెద్ద నగరంలో అలాంటి చోట్లు ఇంకా ఎన్నున్నాయో వెతికి చూడండి. ఆఫీసులో అందరిదీ ఒక ఈడు. పెద్దల క్లబ్బులో అందరిదీ ఇంకో ఈడు. పెళ్ళిళ్ళలో కూడా ఏ వయసువాళ్ళ బల్ల వాళ్ళదే.

వాళ్ళు మాట్లాడుకునేది నేను పక్కన కూర్చుని విన్నాను. ఆయన పట్టా మీద ఉస్మానియా విశ్వవిద్యాలయం పేరుంది. ఆయన తరవాతి వాళ్ళ పట్టాల మీద 1976లో పుట్టిన కాకతీయ విశ్వవిద్యాలయం పేరుంది. అమ్మాయి పట్టా మీద ఎన్.ఐ.టి. పేరుంది. ఆయనకు 1969 తెలంగాణ ఉద్యమం గుర్తు, ఊళ్ళో చదువులు ఆగిపోయిన రోజులు గుర్తు. ఇంకొంచెం చిన్నవాళ్ళకు ఎమర్జెన్సీ గుర్తు, హాస్టల్లో గొంతు తగ్గించి మాట్లాడుకున్న మాటలు గుర్తు. అమ్మాయికి వెయ్యిమంది ఉండే హాస్టల్ భవనం తెలుసు. అంత పెద్ద భవనాన్ని ఆయన ఊహించుకోలేకపోయారు.

మాట వేయిస్తంభాల గుడి మీదికి మళ్ళింది. "పరీక్షల ముందు సాయంత్రాలు ఆ కల్యాణ మండపంలో స్తంభాల మధ్య కూర్చునేవాళ్ళం, ఎంత చల్లగా ఉండేదో" అన్నారాయన. "మండపమా? నేను చూడనే లేదన్నా, రాళ్ళే చూశాను" అంది అమ్మాయి. 1163 నాటి గుడి అది, కాకతి రుద్రదేవుడు కట్టించినది. దాని ఎదుటి కల్యాణ మండపాన్ని మరమ్మతు కోసం 2006లో విప్పదీశారు. తిరిగి నిలబెట్టి జనానికి తెరిచింది 2024 మార్చిలో. ఆ మధ్యకాలంలో హన్మకొండలో నాలుగేళ్ళు గడిపినవాళ్ళెవరూ ఆ మండపం నిలబడి ఉండగా చూడలేదు. వాళ్ళు చూసింది రాళ్ళూ, స్తంభాల ముక్కలూ, శిల్పుల పనీ. ఆయన చెబుతుంటే ఆమె చెవులప్పగించి వింది. ఆమె చెబుతుంటే ఆయనా అంతే శ్రద్ధగా విన్నారు, ఎందుకంటే ఆ స్తంభాలు ఒక్కొక్కటిగా మళ్ళీ లేవడం ఆయన చూడలేదు. ఒకే చోటు గురించి ఒకరికి తెలిసినది మరొకరికి తెలియకపోవడంలో ఇంత ఆనందం ఉంటుందని నేననుకోలేదు. ఒకే బ్యాచ్ వాళ్ళ మధ్య ఇది కుదరదు. అక్కడ అందరికీ అన్నీ తెలుసు, ఎవరు చెప్పినా వందోసారి చెప్పడమే.

మా వాళ్ళలో ఒక మలయాళీ పెద్దమనిషి ఉన్నారు. నలభై ఏళ్ళుగా బెంగళూరులో ఉంటున్నారు. ఇంట్లో మలయాళం, వీధిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు మాట్లాడేది మా మీట్‌కి వచ్చినప్పుడే. "ఏం ర బై, మంచిగున్నవా?" అని పలకరిస్తారు. గుంటూరు నుంచి వచ్చినవాళ్ళ తెలుగు కంటే ఆయన తెలుగులోనే హన్మకొండ చౌరస్తా ఎక్కువ వినిపిస్తుంది. ఇలాంటి సంపద ఏ జనాభా లెక్కల్లోనూ కనిపించదు.

ఇక నేను ఎక్కువగా చెప్పదలచుకున్న సంగతికి వస్తాను. కొత్తవాళ్ళు పరిచయమయ్యేటప్పుడు మొదటి ప్రశ్న ఏమిటి? మామూలుగా అయితే "ఎక్కడ చేస్తున్నారు?" అంటాం. ఆ ప్రశ్నలో జీతం ఉంది, హోదా ఉంది. ఏ మాత్రం దూకుడు లేకుండా అడిగినా, జవాబు చెప్పే మనిషి ఆ ఒక్క క్షణంలో తనను తాను తూకం వేసుకుంటాడు. మా చాప్టర్‌ను చాలాకాలం నడిపిన ఒకాయన మొదటినుంచీ ఒక పద్ధతి పెట్టారు. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. పేరు, ఏ సంవత్సరం, ఏ బ్రాంచి, ఏ హాస్టల్. అంతవరకే. కంపెనీ పేరు ఎవరైనా చెప్పబోతే ఆయన నవ్వుతూ "ఏ హాస్టల్ మీది?" అని మళ్ళీ అడిగేవారు. మొదట్లో నాకిది చిన్న సరదాలా తోచింది. దాని లోతు తరవాత తెలిసింది.

ఒకతను వరసగా వస్తుండేవాడు. అందరికంటే ముందొచ్చి కుర్చీలు సర్దేవాడు. ఆ రోజుల్లో అతనికి ఉద్యోగం లేదని, ఇంట్లో కూడా కొంతకాలం చెప్పుకోలేదని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వారమంతా ఎవరిని కలిసినా అదే ప్రశ్న ఎదురయ్యేదట. మా దగ్గర మాత్రం ఎవరూ అడగరన్న ధీమాతో వచ్చేవాడు. రెండు గంటలసేపు అతను 'సివిల్, ఫలానా హాస్టల్' మనిషి, అంతకంటే ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. ఆ మాట విన్నప్పటినుంచి నేను ఎక్కడికి వెళ్ళినా మొదటి ప్రశ్న మార్చుకున్నాను. మీదే ఊరు, మీ ఊళ్ళో చెరువుందా, చిన్నప్పుడు బడికి ఎలా వెళ్ళేవారు, ఇలాంటివి అడుగుతాను. మనుషులు ఎంత తొందరగా తెరుచుకుంటారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

రానివాళ్ళ గురించి కూడా ఆలోచించాలి. ప్రతి నగరంలోనూ జాబితాలో పేర్లు వందల్లో ఉంటాయి, వచ్చేవాళ్ళు పదుల్లో. పనుల వల్ల రానివాళ్ళు కొందరైతే, తాము అనుకున్నంత ఎదగలేదన్న బెంగతో రానివాళ్ళు కొందరు. వేదిక, శాలువాలు, ఫలానా పెద్ద కంపెనీకి అధిపతి అయిన మన పూర్వవిద్యార్థికి సత్కారం, ఇవన్నీ మొదలైన చోట రెండో రకంవాళ్ళు మెల్లగా మాయమవుతారు. పైకెదిగినవాళ్ళను గౌరవించడం తప్పని అనను. గౌరవించడానికి కళాశాల ఉంది, పత్రికలున్నాయి. నగరంలో నలభైమంది కూర్చునే చోట అందరి కుర్చీలూ ఒకే ఎత్తులో ఉంటే చాలు.

పాత బ్యాచుల్లో ఆడపిల్లలు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే. అందుకని ఒకప్పటి మీట్‌లలో ఆడవాళ్ళంటే భార్యలే. ఒక మూల కూర్చుని, తమకు సంబంధంలేని హాస్టల్ కథలు వింటూ, టైము చూసుకునేవాళ్ళు. వాళ్ళ ఆదివారం మన జ్ఞాపకాలకు బలి కావడం న్యాయం కాదు. ఇప్పుడు తామే సీనియర్లయి వచ్చే ఆడవాళ్ళు పెరిగారు, వాళ్ళ భర్తలు ఆ మూల కుర్చీలోకి చేరారు. నా దృష్టిలో మంచి మీట్‌కి గుర్తు ఒక్కటే: ఆ కళాశాల ముఖం చూడని మనిషి కూడా మళ్ళీ రావాలనుకోవాలి. దానికి మార్గం కష్టమేమీ కాదు. కథలు కాసేపు, నడక కాసేపు, పాటలు కాసేపు, తిండి దగ్గర ఎక్కువసేపు.

కార్తీకంలో వనభోజనాలకు వెళ్ళడం మనకు తరతరాలుగా ఉన్నదే. ఉసిరిచెట్టు నీడలో వండుకుని తినడంలో ఉన్న హాయి పుస్తకాలు చదివితే తెలిసేది కాదు. అయితే ఈ మధ్య దశాబ్దాల్లో ఆంధ్రలో ఊరూరా వనభోజనాలు కులాలవారీగా చీలిపోయాయి. ఏ తోటలో ఏ కులం, ఏ ఆదివారం ఎవరిది అని ఫ్లెక్సీలే చెబుతాయి. ఒకే వీధిలో ఉండేవాళ్ళు వేరువేరు బస్సులెక్కి వేరువేరు ఉసిరిచెట్ల కిందికి పోతారు. నాకిది ఎప్పుడూ మింగుడుపడలేదు. పుట్టుకతో వచ్చిన బంధాలు ఇంటిదాకా ఉండనే ఉన్నాయి, చెట్టు నీడలోనైనా ఇంకెవరి పక్కనో విస్తరి వేసుకోకపోతే ఎలా? బెంగళూరులో మా వాళ్ళు కార్తీకంలో ఒక ఆదివారం భోజనాలు పెట్టుకుంటారు. పులిహోర పక్కనే ఒకాయన ఇంట్లోంచి తెచ్చిన పాలడ ప్రథమన్, ఇంకొకరు తెచ్చిన లిట్టీ చోఖా ఉంటాయి. ఎవరు ఏమిటని ఎవరూ అడగరు. అలాగని ఈ గుంపు అందరిదీ అని చెప్పుకోలేను. ఇక్కడికి రావాలన్నా ఒకప్పుడు ఒక పరీక్ష దాటి ఉండాలి, ఆ పరీక్ష దాకా వెళ్ళగల చదువూ ఇల్లూ ఉండాలి. మా హాస్టల్ గదులు ఊడ్చినవాళ్ళు, మెస్‌లో అన్నం వండినవాళ్ళు కూడా అదే చోట ఏళ్ళకేళ్ళు బతికారు. వాళ్ళ పేర్లు ఏ చాప్టర్ జాబితాలోనూ లేవు. ఇది నన్ను ఇప్పటికీ కలతపెడుతూనే ఉంటుంది.

ఇలా కలవడం వల్ల కళాశాలకు ఏమిటి లాభం అని అడిగేవాళ్ళున్నారు. పూర్వవిద్యార్థుల సంఘాలు కళాశాలలను ఆదుకోవడానికే పుట్టాయన్న మాట నిజమే. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని విలియమ్స్ కళాశాలకు 1821లో పెద్ద గండం వచ్చింది. దాని అధ్యక్షుడే కొంతమంది విద్యార్థులను వెంటబెట్టుకుని ఆమ్‌హర్స్ట్‌లో కొత్త కళాశాల పెట్టడానికి వెళ్ళిపోయాడు. ఉన్న కళాశాల మూతపడుతుందేమోనన్న భయంతో పాత విద్యార్థులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. అది ఈనాటికీ నడుస్తోంది. మన దగ్గరా గొప్ప పనులు జరిగాయి. ఉత్తర అమెరికాలో స్థిరపడిన గుంటూరు వైద్య కళాశాల పూర్వవిద్యార్థులు తాము పాఠాలు నేర్చుకున్న గుంటూరు ప్రభుత్వాసుపత్రికి భవనాల కోసం పెద్దఎత్తున పూనుకున్నారు. అలాంటి వాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. కానీ చందాల జాబితా ఇంకో రోజు పెట్టుకోవాలనే అంటాను. అడగడానికి పిలిచారని ఒక్కసారి అనిపిస్తే తరవాతి పిలుపులో ఆ తీపి ఉండదు. ఉద్యోగాల సిఫార్సులూ అంతే. జరిగేవి వాటంతటవే జరుగుతాయి, వాటి కోసం పిలవకూడదు.

2021 వేసవిలో కరోనా రెండో అల వచ్చినప్పుడు బెంగళూరులో పడకలు దొరకలేదు, ఆక్సిజన్ దొరకలేదు. అప్పుడు మా గ్రూపులో ఆదివారం కబుర్లకు తప్ప ఎప్పుడూ పలకని ఫోన్లు రాత్రంతా మోగాయి. పిల్లలు విదేశాల్లో ఉండిపోయిన పెద్ద దంపతులకు మందులు అందించింది ఎప్పుడో ఒకసారి పక్కన కూర్చుని ఇడ్లీ తిన్న కుర్రాళ్ళే. ఇద్దరు ముగ్గురిని కాపాడుకోలేకపోయాం. దహనానికి వెళ్ళడానికి ఇంటివాళ్ళు లేని చోట జూనియర్లు వెళ్ళారు. ఇంత పని చేస్తుందని ఎవరూ ఆ కలయికలు మొదలుపెట్టలేదు. అలాంటి రోజు మళ్ళీ రాకపోయినా, ఇడ్లీ తినడం దానంతటదే విలువైన పనే.

ఈ కలయికలు మాత్రం వాటంతటవి జరగవు. ప్రతి ఊళ్ళోనూ దీని వెనక ఫోను పట్టుకుని కూర్చునే ఒక మనిషి ఉంటారు. వాట్సాప్‌లో ఒక సందేశం పెట్టి వదిలేస్తే వచ్చేవాళ్ళు వేరు, పేరుపెట్టి పిలిస్తే వచ్చేవాళ్ళు వేరు. హాస్టల్ ప్రశ్న అడిగే మా పెద్దాయన ప్రతి మీట్‌కి ముందు రెండు రోజులు ఫోన్లు చేస్తూ గడిపేవారు. ఎవరికి మోకాళ్ళనొప్పులో, ఎవరి కూతురి పెళ్ళి కుదిరిందో, ఎవరు ఎవరి కారులో రాగలరో ఆయన నోటుపుస్తకంలో ఉండేది. దాన్ని సమాజసేవ అని ఎవరూ అనరు, దానికి శాలువా ఉండదు. నాకు తెలిసిన మంచి జీవితాల్లో ఆయనది ఒకటి.

ఆయనకు వినికిడి తగ్గడంతో ఈ ఏడాది ఆ పుస్తకం మండపం రాళ్ళు చూసిన అమ్మాయి చేతికి వచ్చింది. ఆమె వయసువాళ్ళకు ఫోను చేసి మాట్లాడటమంటే మొహమాటం, అయినా కూర్చుని చేసింది. ముందుగా చేసింది కొన్నేళ్ళుగా రావడం మానేసినవాళ్ళకు. ఒకరు చెన్నై వెళ్ళిపోయారట. ఒకరికి కంటి ఆపరేషన్ అయిందట. ఒకాయన మాత్రం, "ఎవరూ పిలవలేదమ్మా, అందుకే రాలేదు" అన్నారట. ఆయన ఉండేది ఎలహంకలో. ఆ దారిన వచ్చే కారు ఎవరిదో చూసి, ఆయన పేరు పక్కన రాసిపెట్టింది.